ఇంటిబండి కొనేముందు కిందికి వంగి చూడాలి



శివరాత్రి ముందు రోజు సిరిసిల్ల నుంచి వేములవాడ పోయే తొవ్వలో ఏ చెట్టు కింద చూసినా ఒక సంసారం కనిపిస్తుంది. ట్రాక్టర్ ట్రాలీకి పరదా కట్టి ఉంటుంది. డీసీఎం వ్యాను డాలా దించి, దాని మీద చద్దరు పరిచి పిల్లల్ని పడుకోబెట్టి ఉంటారు. మూడు రాళ్ళ పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటుంది. వెనకటి తరం ఇదే యాత్ర సవారి కచ్చురంలో చేసింది. గంపలో బియ్యం, బిందెలో నీళ్ళు, బండి కింద వేలాడే లాంతరు. మేడారం సమ్మక్క జాతరకైతే రోజుల తరబడి సరిపోయే సామాను సర్దుకునే బయల్దేరేవాళ్ళు. బండిని నాలుగు రోజులు ఇల్లు చేసుకోవడం ఈ నేలకు బాగా తెలిసిన పనే.

నాలుగు రోజుల సంగతి సరే. నాలుగేళ్ళో, పదేళ్ళో బండిలోనే కాపురం పెట్టాలనుకుంటే ఏం చూసి కొనాలి?

తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగుల విరమణ వయసు 2021లో 58 నుంచి 61కి పెరిగింది. జగిత్యాలలో ఒక టీచర్ దంపతులు ఈ ఏడే విరమణ పొందారనుకుందాం. కొడుకు డల్లాస్‌లో ఉన్నాడు, బిడ్డ హైదరాబాద్‌లో ఉంది. కొడుకు దగ్గరికి పోయినప్పుడు అక్కడి పెద్దవయసు జంటలు ఇంటంత బండిని తామే నడుపుకుంటూ ఊళ్ళు తిరగడం చూశారు. అప్పటి నుంచి కాశీ, పూరీ, ద్వారక, రామేశ్వరం అలా తిరిగి రావాలన్న కోరిక మనసులో నాటుకుంది. సత్రంలో గది దొరుకుతుందో లేదోనన్న బెంగ ఉండదు, ఎవరింటికీ బరువు కానక్కర్లేదు, తమ వంట తామే వండుకోవచ్చు. కొత్త మోటార్ హోమ్ ధర వింటే మాత్రం గుండె గుభేలుమంటుంది. అందుకని సెకండ్ హ్యాండ్ బండి మీద చూపు పడింది. ఈ ప్రసంగం అలాంటి దంపతుల కోసం.

తెలుగువాళ్ళలో పాత బండిని ఇల్లు చేసుకున్న మనిషంటే ముందుగా గుర్తొచ్చేది ఎన్.టి.రామారావు. 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీని ప్రకటించేనాటికి ఆయనకు 58 నిండాయి. అప్పటి లెక్కలో అది సర్కారు ఉద్యోగి ఇంటిదారి పట్టే వయసు. ఆయన పాత షెవర్లే వ్యాను ఒకటి తీసుకుని దాన్ని మార్పించి, చైతన్య రథమని పేరు పెట్టి రోడ్డెక్కారు. కొడుకు హరికృష్ణ స్టీరింగ్ పట్టారు. రోడ్డు పక్కనే స్నానం, రోడ్డు పక్కనే భోజనం, బండిలోనే నిద్ర. ఎన్నికల నాటికి ఆ బండి 75 వేల కిలోమీటర్లు తిరిగిందని చెబుతారు. 1983 జనవరిలో ఆయన ముఖ్యమంత్రి అయ్యారు. రాజకీయాన్ని కాసేపు పక్కనపెట్టి ఆ వ్యానును వ్యానుగా చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. దాన్ని అంత దూరం నడిపించినవి లోపలి హంగులు కావు. ఇంజను, ఛాసిస్, బ్రేకులు, దాన్ని రోజూ కనిపెట్టుకుని ఉన్న మనుషులు.

సెకండ్ హ్యాండ్ మోటార్ హోమ్ కొనేవాళ్ళలో ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఇల్లు చూసే కళ్ళతో చూస్తారు. వంటగది ఎలా ఉంది, మంచం ఎంత వెడల్పు, కబోర్డులు ఎన్ని, పరదాల రంగేమిటి అని ఆరా తీస్తారు. చూడాల్సింది లారీ కొనేవాడి కళ్ళతో. ఇల్లు పాతబడితే సున్నం వేసుకుంటాం. బండి ఛాసిస్ తుప్పు తింటే సున్నంతో అయ్యే పని కాదు.

ఈ విషయంలో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వాళ్ళకు ఒక అదృష్టం ఉంది. బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి అని తెలంగాణ వలసకు మూడు దారులు చెబుతారు. ఎడారి దేశాల్లో ట్రెయిలర్లు నడిపినవాళ్ళు, అక్కడి గ్యారేజీల్లో పానా పట్టినవాళ్ళు ఇక్కడి పల్లెల్లో ఉన్నారు. ఆ దేశాల లేబర్ క్యాంపుల్లో రేకుపెట్టె లాంటి గదిని కారవాన్ అనే పిలుస్తారు. ఎండాకాలం రేకుగదిలో ఉండటమంటే ఏమిటో వాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు. బండి చూడబోయేటప్పుడు వెంట తీసుకుపోవాల్సింది ఇంటీరియర్ పనిచేసే మనిషిని కాదు, ఇలాంటి పెద్దమనిషిని.

బండి దగ్గరికి పొద్దున్నే పోవాలి, చెప్పిన వేళకు అరగంట ముందే. పోగానే బానెట్ మీద అరచెయ్యి పెట్టాలి. వెచ్చగా తగిలితే అమ్మే మనిషి ముందే స్టార్ట్ చేసి పెట్టాడని అర్థం. రాత్రంతా చల్లబడ్డ ఇంజను మొదటి సెల్ఫ్‌కు ఎలా లేస్తుందన్నదే అసలు పరీక్ష. వెచ్చని ఇంజనుతో ఆ పరీక్ష జరగదు. అలాంటప్పుడు గొడవ పెట్టుకోకుండా, రేపు మళ్ళీ వస్తామని చెప్పి రావడం మేలు.

అమ్మే ఆయన తలుపు తీసి లోపలికి రమ్మంటాడు. ఎల్‌ఈడీ లైట్లు వెలుగుతుంటాయి, మెత్తటి పరుపు, నిగనిగలాడే అలమారాలు. టీచరమ్మ ముఖం విప్పారుతుంది. వెంట వచ్చిన మస్కట్ డ్రైవర్ మాత్రం మెట్టెక్కడు.

“సారూ, పరుపు మనం సిరిసిల్లల కుట్టిచ్చుకుందాం. ముందుగాల ఇటు రాండ్రి” అని బండి కిందికి వంగుతాడు.

అతని చేతిలో టార్చిలైటు ఉంటుంది. ముందు చూసేది ఛాసిస్ పట్టీలు. తుప్పు ఉంటే స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూస్తాడు. పైపైన ఎర్రగా ఉండి లోహం గట్టిగా తగిలితే భయం లేదు. పొరలు పొరలుగా రాలితే ఆ బండిని అక్కడే వదిలేయాలి. కింద కొత్తగా నల్లరంగు పూసి ఉంటే ఇంకా జాగ్రత్త. అమ్మే ముందు కింద రంగు పూయడానికి ఏదో ఒక కారణం ఉంటుంది. వెల్డింగ్ అతుకులు ఎక్కడున్నాయి, కమాన్ కట్టల్లో ఏ పట్టీ అయినా విరిగిందా, గేర్ బాక్స్ కింద, హౌసింగ్ దగ్గర ఆయిల్ తడి ఉందా అన్నవి తర్వాత చూస్తాడు. ఇక బాడీ. ఒక అయస్కాంతానికి రుమాలు చుట్టి రేకు మీద జరుపుతూ పోతే, లప్పం మందంగా పెట్టిన చోట అది పట్టు వదిలేస్తుంది. పెద్ద దెబ్బ తగిలి టింకరింగ్ చేయించిన బండి అక్కడ దొరికిపోతుంది.

ఇంజను నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి, రంధ్రం మీద అరచెయ్యి అడ్డం పెట్టి చూడటం మెకానిక్‌లందరికీ తెలిసిన పరీక్ష. సన్నగా గాలి తగలడం మామూలే. పొగతో కలిసి బుసబుసా కొడితే దాన్ని బ్యాక్ కంప్రెషన్ అంటారు. పిస్టన్ రింగులు, బోరు అరిగిపోయి ఇంజను పనికి దగ్గరపడిందన్న మాట. సైలెన్సర్ నుంచి నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఆయిల్ తాగుతోందని గుర్తు. ఆ తర్వాత నడిపి చూడాలి. క్లచ్ సంగతి తెలియాలంటే బండిని ఆపి, హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, మూడో గేర్‌లో మెల్లగా క్లచ్ వదలాలి. ఇంజను ఆగిపోతే ప్లేటు పట్టు ఉన్నట్టు. ఆగకుండా రొద పెడుతూ తిరుగుతుంటే ప్లేటు జారుతున్నట్టు.

టైర్లకు గాట్లు లోతుగానే ఉన్నాయని చాలామంది మోసపోతారు. నెలల తరబడి నిలబెట్టిన మోటార్ హోమ్‌లకు టైరు అరగదు, వయసు మీద పడుతుంది. టైరు పక్కగోడ మీద చిన్న గడిలో నాలుగు అంకెలు అచ్చువేసి ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైనట్టు. ఐదారేళ్ళు దాటిన టైరు పక్కగోడను వంచి చూస్తే వెంట్రుకల్లాంటి చీలికలు కనిపిస్తాయి. ఎండలో పూర్తి బరువుతో హైవే మీద పోయేటప్పుడు అవే పేలతాయి. స్టెప్నీ మీది అంకెలూ చూడాలి, దాన్ని అందరూ మరిచిపోతారు.

ఈ బండ్లు మన దగ్గర ఏ రూపంలో దొరుకుతాయన్నదీ తెలుసుకోవాలి. కంపెనీ నుంచే కారవాన్‌గా వచ్చినవి తక్కువ. ఎక్కువగా కనిపించేవి టెంపో ట్రావెలర్ మీద కట్టినవి. 1987 నుంచి రోడ్ల మీద ఉన్న బండి కావడంతో దాని స్పేర్ పార్టులు చిన్న పట్టణాల్లోనూ దొరుకుతాయి, దాని మీద చెయ్యి తిరిగిన మెకానిక్ ఉంటాడు. దేశమంతా తిరగాలనుకునేవాళ్ళకు ఇంతకన్నా పెద్ద గుణం ఉండదు. రాయ్‌పూర్ దాటాక రాత్రి పూట వాటర్ పంపు పోతే, పార్టు విదేశం నుంచి రావాల్సిన బండి ఎంత అందంగా ఉన్నా ఏం లాభం? సినిమా షూటింగుల నుంచి తప్పించిన వ్యానిటీ వ్యాన్లు హైదరాబాద్‌లో అమ్మకానికి వస్తుంటాయి. అవి చూడముచ్చటగా ఉంటాయి కానీ జనరేటర్ పక్కన నిలబడటానికి కట్టినవి. అద్దాలు, సోఫాలు, ఏసీ ఉంటాయి. వంట, నీటి నిల్వ, సామాను చోటు కాపురానికి చాలవు. పాత స్కూల్ బస్సు కొని తామే మార్పించుకుందామనుకునేవాళ్ళు ఉంటారు. వాళ్ళు కాగితాల సంగతి ముందు వినాలి.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన రూపాన్ని యజమాని ఇష్టమొచ్చినట్టు మార్చడానికి వీల్లేదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో ఈ మాటే గట్టిగా చెప్పింది. మన వాహన ప్రమాణాల్లో మోటార్ కారవాన్‌కు ఒక నిర్వచనం ఉంది. సీట్లు, బల్ల, పడుకునే ఏర్పాటు, వంట సదుపాయం, సామాను పెట్టుకునే చోటు ఉన్న ప్రత్యేక వాహనమని దాని సారం. కాబట్టి అమ్మే బండి ఆర్సీలో ఏమని రాసుందో చూడాలి. లోపల మంచం, పొయ్యి పెట్టి, ఆర్సీలో మాత్రం ప్యాసింజర్ వ్యానుగానో అంబులెన్సుగానో ఉంటే, చెక్‌పోస్టులో ఆపిన రోజు ఇబ్బంది, ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్సు దగ్గర ఇంకా పెద్ద ఇబ్బంది. “తర్వాత మార్పించుకోవచ్చు సార్” అన్న మాట నమ్మి డబ్బు కట్టకూడదు. మార్పించి ఇచ్చాకే కడతామనాలి.

ఢిల్లీ బండ్ల గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. అక్కడ పదేళ్ళు దాటిన డీజిల్ వాహనాల మీద కోర్టుల ఆంక్షలు రావడంతో అవి ఇతర రాష్ట్రాలకు అగ్గువకు వస్తుంటాయి. జగిత్యాల పక్కన చల్‌గల్ మామిడి మార్కెట్‌కు వచ్చే లారీల వాళ్ళకు ఢిల్లీ రేట్లు బాగా తెలుసు, అక్కడి నుంచి ఒక కబురు వస్తే మనసు అటు లాగుతుంది. ధర తక్కువే. దాని మీద అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్ఓసీ, ఇక్కడ మళ్ళీ రిజిస్ట్రేషన్, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కలిపితే ఆ తక్కువ ఎంత మిగులుతుందో జగిత్యాల ఆర్టీఓ ఆఫీసులో ముందే అడిగి కాగితం మీద రాసుకోవాలి. సొంత వాహనానికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు. తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. పదేళ్ళు దాటిన బండి కొంటే ఆ గడువు నాలుగైదేళ్ళలోనే ఎదురొస్తుంది. పాత యజమాని బ్యాంకు అప్పు తీర్చాడా, తీర్చి ఉంటే ఫారం 35 ఉందా, చలాన్లు మిగిలి ఉన్నాయా అన్నవి చూడాలి. ఛాసిస్ నంబరు మీద తెల్లకాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అంకెలు కాగితం మీదికి వస్తాయి. వాటిని ఆర్సీతో ఒక్కొక్కటే పోల్చాలి. ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకుని సంచిలో పెట్టుకుంటే పని అయిపోయినట్టు కాదు. ఇన్సూరెన్సును కొన్న 14 రోజుల్లో తన పేరు మీదికి మార్పించమని అర్జీ పెట్టుకోవాలి.

డ్రైవింగ్ లైసెన్సు గురించి చాలామందిలో ఒక భయం ఉంటుంది. 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ భయం తీర్చింది. కారు నడిపే ఎల్ఎంవీ లైసెన్సుతోనే మొత్తం బరువు 7,500 కిలోల లోపున్న రవాణా వాహనం కూడా నడపవచ్చని తీర్పు ఇచ్చింది. టెంపో ట్రావెలర్ మీద కట్టిన ఇంటిబండి ఆ హద్దులోనే ఉంటుంది. అయితే 55 ఏళ్ళు దాటినవాళ్ళకు లైసెన్సు ఐదేళ్ళకోసారి మాత్రమే ఇస్తారు, డాక్టర్ సర్టిఫికెట్ జతపరచాలి. అరవై ఒకటిలో రెన్యువల్ చేయించుకుంటే మళ్ళీ అరవై ఆరులో, ఆ తర్వాత డెబ్బై ఒకటిలో. ఏ బండి కొనాలన్న లెక్కలో ఈ అంకెలు కూడా కలపాలి. పవర్ స్టీరింగ్ లేని బండి, క్లచ్ బిగుతుగా ఉన్న బండి అరవైలో ఫరవాలేదనిపించినా అరవై ఏడులో మోకాలు ఒప్పుకోదు.

టీచరమ్మ కూడా స్టీరింగ్ పట్టాలి. ఇది సరదా మాట కాదు. భార్యాభర్తలిద్దరే ఉండే బండిలో ఒక్కరికే డ్రైవింగ్ వస్తే, ఆ ఒక్కరికి జ్వరం వచ్చిన నాడు, కంటి ఆపరేషన్ జరిగిన నెల, ఇల్లు ఎక్కడుంటే అక్కడే ఆగిపోతుంది. అడవి దారిలో ఛాతీ నొప్పి వస్తే మాట ఇంకా వేరు. బండి చూడబోయిన రోజే ఇద్దరూ సీట్లో కూర్చోవాలి. ఆమె కాలు క్లచ్‌కు పూర్తిగా అందకపోతే, అద్దంలో వెనక రోడ్డు కనిపించకపోతే, ఆ బండి ఆ దంపతులది కాదు.

బరువు విషయం కొంచెం నిదానంగా చెప్పుకోవాలి.

2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్ రోడ్డు దిగుతూ ఒక ఆర్టీసీ బస్సు లోయలో పడింది. అరవై మందికి పైగా చనిపోయారు. పట్టాల్సిన దానికన్నా చాలా ఎక్కువమంది ఆ రోజు ఆ బస్సులో ఉన్నారు. జగిత్యాల చుట్టుపక్కల ఊళ్ళు ఆ రోజును మరిచిపోలేదు. బరువెక్కిన బండి వాలులో దిగేటప్పుడు బ్రేకుల మీద ఎంత భారం పడుతుందో చెప్పడానికి ఈ ప్రాంతంలో వేరే ఉదాహరణ వెతకనక్కర్లేదు.

ఇంటిబండికి ఈ ప్రమాదం పైకి కనిపించదు, ఎందుకంటే జనం ఇద్దరే. కానీ లెక్క వేసి చూడండి. లీటరు నీళ్ళు కిలో బరువు, కాబట్టి 150 లీటర్ల ట్యాంకు నింపితే 150 కిలోలు. రెండు పెద్ద ట్యూబులర్ బ్యాటరీలు సుమారు 110. నిండు గ్యాస్ సిలిండర్ 30. బియ్యం బస్తా 25. చిన్న ఫ్రిజ్ 35. మనుషులిద్దరూ కలిసి 130. ఇప్పటికే 480 కిలోలయ్యాయి. మంచం, అలమారాలు, ప్లైవుడ్ గోడలు, ఏసీ, సోలార్ పలకలు, గిన్నెలు, బట్టలు ఇంకా లెక్కలోకి రాలేదు. ఆర్సీలో మొత్తం బరువెంత, ఖాళీ బరువెంత అని రాసి ఉంటుంది. మార్పులు చేశాక ఖాళీ బరువు పెరిగిపోయి ఉంటుంది కాబట్టి ఆర్సీ అంకెను నమ్మకూడదు. బేరం కుదరకముందే బండిని వే బ్రిడ్జికి తీసుకుపోయి కాంటా వేయించాలి. ముందు చక్రాల బరువు ఒకసారి, వెనక చక్రాల బరువు ఒకసారి, మొత్తం ఒకసారి. వడ్ల లారీ తూచినట్టే. ఆ చీటీకయ్యే ఖర్చు లెక్కలోకే రాదు, అది ఆపే నష్టం పెద్దది. కాంటా వేయనివ్వని అమ్మకందారు దగ్గర నిమిషం కూడా ఉండనక్కర్లేదు.

ఇక లోపలికి రావచ్చు.

ఇంటిబండికి మొదటి శత్రువు వాన. పైకప్పుకు కిటికీ కోసం, ఏసీ కోసం, సోలార్ కోసం వేసిన ప్రతి రంధ్రం ఒక దారి. లోపలికి అడుగు పెట్టగానే ముక్కుతో చూడాలి. అగరుబత్తీలు, సెంటు ఘాటుగా కొడుతుంటే వాటి కింద ముక్కవాసన ఏదో దాగి ఉందేమో వెతకాలి. మూలల్లో ప్లైవుడ్‌ను బొటనవేలితో నొక్కితే మెత్తగా లొంగకూడదు. నిచ్చెన వేసి పైకెక్కి సీలెంట్ పగుళ్ళు చూడాలి. పైపుతో అరగంట సేపు పైకప్పు మీద నీళ్ళు పోయించి లోపల టిష్యూ కాగితాలు అంచుల వెంట పరిస్తే, ఎక్కడ తడిసిందో అదే చెబుతుంది. ఆషాఢంలో కొనేవాళ్ళకు ఈ పని వానే చేసిపెడుతుంది.

రెండో శత్రువు ఎండ. జగిత్యాల ప్రాంతంలో మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. రేకుకు, లోపలి చెక్కకు మధ్య ఏం పెట్టారన్నది ఒక పలక స్క్రూలు విప్పించి కళ్ళారా చూడాలి. మందంగా ఫోమో, గ్లాస్‌వూలో ఉంటే మంచిది. ఖాళీ ఉంటే ఆ బండి ఎండాకాలం పొయ్యి మీద పెట్టిన గిన్నె. మిట్టమధ్యాహ్నం రెండింటికి, ఏసీ వేయకుండా, తలుపు దగ్గరేసుకుని అరగంట లోపల కూర్చుంటే ఎవరి మాటా వినాల్సిన పనిలేదు.

కరెంటు లెక్క చాలామంది తప్పుతారు. 12 ఓల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో సుమారు 1,800 వాట్ అవర్లు ఉంటాయి. లెడ్ బ్యాటరీ నాలుగు కాలాలు ఉండాలంటే అందులో సగమే వాడుకోవాలి. తక్కువ కరెంటు తాగే రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్లు పది గంటలు తిరిగితే 600, చిన్న ఫ్రిజ్ 450, లైట్లు, ఫోన్లు, మిక్సీ కలిపి ఇంకో 250 నుంచి 300. అంటే రోజుకు సుమారు 1,300. రెండు బ్యాటరీలు, 400 వాట్ల సోలార్ పలకలు ఉంటే దాంతో బతకొచ్చు. ఏసీని మాత్రం ఈ ఏర్పాటుతో రాత్రంతా నడపలేరు. మే నెలలో ఏసీ కావాలంటే ప్లగ్గు దొరికే చోట ఆగాలి, లేదా చల్లని కొండ ఊరికి పోవాలి. బ్యాటరీల మీద తారీకు ముద్ర ఉంటుంది. అమ్మేవాళ్ళు “అన్నీ కొత్తవే” అన్నప్పుడు ఆ ముద్ర చదివి వినిపిస్తే బేరం కొంచెం దిగుతుంది.

వంట గ్యాస్ గాలికన్నా బరువైంది. లీకైతే నేల మీదే పరుచుకుంటుంది. అందుకని సిలిండర్ అరకు అడుగున గాలి పోయే కన్నాలు ఉన్నాయా అని చూడాలి. అందంగా మూసేసిన అర ప్రాణాంతకం. ఇంటికిచ్చే 14.2 కిలోల సిలిండర్ మన ఊరి ఏజెన్సీతో ముడిపడి ఉంటుంది. ఒడిశాలో అయిపోతే అక్కడ ఇవ్వరు. పెట్రోలు బంకుల్లో అమ్మే ఐదు కిలోల చిన్న సిలిండర్ తిరిగేవాళ్ళకు అనువు.

మరుగుదొడ్డి గురించి మాట్లాడటానికి మనవాళ్ళు మొహమాటపడతారు, కానీ పెద్దవయసులో బండి కాపురానికి అదే ప్రాణం. రాత్రి మూడుసార్లు లేచే వయసులో చీకట్లో దిగి పోయే పని ఉండకూడదు. బండిలో ఉన్నది విప్పి మోసుకుపోయే క్యాసెట్ పెట్టె అయితే దాని బరువు నిండినప్పుడు ఎంతో ఎత్తి చూడాలి. ట్యాంకు అయితే ఎక్కడ ఖాళీ చేస్తున్నారని పాత యజమానిని సూటిగా అడగాలి. రోడ్డు పక్క కాలువలో వదిలామని చెబితే అది మనం చేయకూడని పని. సిరిసిల్ల లాంటి మున్సిపాలిటీలో సెప్టిక్ ట్యాంకుల మలాన్ని శుద్ధిచేసే కేంద్రం ఉంది. అలాంటివి ఉన్న పట్టణాల జాబితా ఒకటి రాసుకుని దారి వేసుకోవడం మంచి పద్ధతి.

ఆగే చోట్ల గురించి రెండు మాటలు. కేరళ 2021లో కారవాన్ టూరిజం విధానం ప్రకటించి, మరుసటి ఏడు వాగమన్‌లో మొదటి కారవాన్ పార్కు తెరిచింది. నీళ్ళు, కరెంటు, మురుగు పైపు ఒకేచోట దొరికే ఏర్పాటు అది. వేములవాడ, ధర్మపురి, కొండగట్టు లాంటి చోట్ల లక్షలమంది వాహనాల్లోనే వచ్చి రాత్రి గడుపుతారు. అలాంటి పార్కు ఒకటి అక్కడ ఉంటే మోటార్ హోమ్ వాళ్ళకే కాదు, పరదా కట్టుకున్న ట్రాక్టర్ ట్రాలీ వాళ్ళకూ మేలు. ఇది తప్పకుండా అడగాల్సిన సౌకర్యం.

ఈ దంపతులు చూసొచ్చిన అమెరికా సంగతి కొంచెం వేరు. 2021లో ఆస్కార్ ఉత్తమ చిత్రం నోమాడ్‌ల్యాండ్ చూసినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. 2008 ఆర్థిక సంక్షోభంలో ఇల్లు, ఉద్యోగం పోయి వ్యాన్లలో బతికిన పెద్దవయసు మనుషుల మీద 2017లో వచ్చిన ఒక పుస్తకం దానికి ఆధారం. వాళ్ళలో చాలామందికి తిరిగి పోవడానికి ఇల్లు లేదు. మన టీచర్ దంపతులకు జగిత్యాలలో రెండు గదుల ఇల్లుంది. దాన్ని అమ్మి బండి కొనాలన్న ఆలోచన వస్తే మానుకోవాలి. ఓటు, ఆధార్ చిరునామా, బ్యాంకు, పింఛను కాగితాలు ఆ ఇంటి నంబరుకే కట్టుబడి ఉన్నాయి. ఒకరికి ఒంట్లో బాగాలేక ఆరు నెలలు మంచాన పడితే పోయి వాలే గూడు అదే. ఒక గది తాళం వేసుకుని, మిగతాది కిరాయికి ఇచ్చుకోవచ్చు.

బండి నచ్చింది, కాగితాలు సరిపోయాయి, కాంటా చీటీ చేతిలో ఉంది. ఇంకో పని మిగిలింది. కొన్న తర్వాత కాశీకి బయల్దేరకుండా మొదటి పది రోజులు సొంత జిల్లాల్లోనే తిరగాలి. జగిత్యాల నుంచి కొండగట్టు, అక్కడి నుంచి వేములవాడ, సిరిసిల్ల, మానేరు దాటి వెనక్కి. తర్వాత కోరుట్ల, మెట్‌పల్లి, ఆఖరుకు గోదావరి ఒడ్డున ధర్మపురి. ఏది చెడినా గంటలో తెలిసిన మెకానిక్ దొరికే దూరం ఇది. బండికి పెట్టిన డబ్బు కాక, అందులో అయిదో వంతు మరమ్మతుల కోసమే వేరుగా ఉంచుకోవాలి. ఎంత చూసి కొన్నా పాత బండి మొదటి ఏడు అడుగుతూనే ఉంటుంది.

ఆ పది రోజులూ టీచరమ్మ దగ్గర ఒక వంద పేజీల నోట్‌బుక్ ఉండాలి. ధర్మపురిలో తెల్లవారుజామున, నది మీద మంచు ఇంకా విడిపోకముందే, ఆమె అందులో రాసుకున్నవి ఇలా ఉంటాయి. మెట్టు ఎత్తు ఎక్కువ, కింద ఇంకో మెట్టు వెల్డింగ్ చేయించాలి. నీళ్ళు రోజుకు నలభై లీటర్లు పట్టాయి. బీపీ మాత్రలు పెట్టే అర పొయ్యికి మరీ దగ్గరగా ఉంది, మార్చాలి. కొండగట్టు దిగేటప్పుడు రెండో గేర్ వేస్తే బ్రేకు తక్కువ తొక్కాల్సి వచ్చింది. సార్ గురక వల్ల నిద్ర లేదు, మంచాలు విడివిడిగా చేయించాలి. ఎడమ కిటికీ దగ్గర తడి, మేస్త్రీకి ఫోన్ చేయాలి.